కేబీఆర్ పార్కులో 6 కిలోమీటర్లు, ఒక ఆరుద్ర పురుగు

ఆదివారం అలారం కన్నా ముందే మెలకువ వచ్చేసింది, వాన చప్పుడుకి. హమ్మయ్య ఈరోజుకి రన్ లేదు అనుకుని దుప్పటి మళ్ళీ మీదకి లాక్కున్నానో లేదో వాన ఆగిపోయింది. ఇంక చెప్పుకోడానికి సాకు కూడా లేదు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10కే కి, అంటే పది కిలోమీటర్ల పరుగుకి, పేరిచ్చేసి ఉన్నా (ఫుల్ కాదు బాబోయ్, అంత సీన్ లేదు), ఈ ఊరి రోడ్లు, ఆ ఫ్లైఓవర్లు ఎక్కడం దిగడం తెలిసినవాళ్ళకి 10 కూడా తక్కువేం కాదని అర్థమవుతుంది.

మామూలుగా నేను జూబ్లీహిల్స్‌లో ఉన్న కేబీఆర్ నేషనల్ పార్కు బయట పరిగెడతా. కేబీఆర్ గోడ చుట్టూ ఫుట్‌పాత్ లాంటి వాకింగ్ ట్రాక్ ఉంది కదా, చుట్టూ తిరిగొస్తే దాదాపు 6 కిలోమీటర్లు. దానికి డబ్బులక్కర్లేదు, టైమింగ్స్ లేవు, కానీ ఒక పక్క చెట్లు, ఇంకో పక్క జూబ్లీహిల్స్ ట్రాఫిక్. ముక్కు దేన్ని పీల్చుకోవాలో తేల్చుకోలేక చస్తుంది. ఏడు దాటితే రోడ్డు మీంచి వేడి కూడా మొదలు. ఆదివారం మాత్రం ఎందుకో ఈసారి లోపలికెళ్దాం అనిపించి క్యాన్సర్ హాస్పిటల్ వైపున్న గేటు దగ్గర టికెట్ తీసుకుని వెళ్ళిపోయా. లోపలికి పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపే పంపిస్తారు, మధ్యాహ్నం మూసేస్తారు, కొత్తగా వెళ్ళేవాళ్ళు అది చూసుకుని వెళ్ళండి.

గేటు దాటి రెండు నిమిషాలు నడిచేసరికి హారన్లు పూర్తిగా పోవు గానీ పక్కింట్లో టీవీలా అయిపోతాయి. ఎర్రమట్టి దారి, రెండు పక్కలా వేప చెట్లు, వెదురు పొదలు, ఎక్కడ చూసినా సీతాఫలం చెట్లు. ఇదే దారిలో ఏప్రిల్‌లో వస్తే నీడ అని చెప్పుకోడానికి పెద్దగా ఏం ఉండదు, ఈ అడవిలో సగం చెట్లు ఎండాకాలానికి ఆకు రాల్చేస్తాయి, కొమ్మలే కనపడతాయి. నాలుగు వానలు పడ్డాయంటే మాత్రం పైన పందిరి వేసినట్టే, ఎండ కిందకి దిగాలంటే ఎక్కడో సందు వెతుక్కోవాలి. అయితే ఒకటి, నీడ ఉంది కదా చెమట పట్టదులే అనుకుంటే పొరపాటు. వాన వెలిశాక చెట్ల కింద గాలాడదు, ఒంటి మీద చెమట ఆరదు, రెండో కిలోమీటరుకే నా టీషర్టు పిండితే నీళ్ళొచ్చేలా అయింది. కానీ నెత్తి మాడదు, తారు రోడ్డులా కింద నుంచి సెగ రాదు, మోకాళ్ళు కూడా రోడ్డు మీద పరిగెత్తిన రోజు చేసినంత గొడవ చెయ్యవు. అందుకే కొత్తగా పరుగు మొదలెట్టేవాళ్ళకి నేనైతే ఇదే చెప్తా. పెద్ద ఎత్తుపల్లాలు లేవు, దారి తప్పుతామన్న భయం లేదు, ఊపిరి ఆడకపోతే నడవచ్చు, ఎలాగూ అందరూ నడుస్తూనే ఉంటారు కాబట్టి మనల్ని చూసి నవ్వేవాళ్ళుండరు.

నవ్వరని ఇప్పుడే అన్నా గానీ ఒకాయన నవ్వాడు. తలకి మఫ్లర్, చేతిలో గొడుగు, డెబ్బై ఏళ్ళుంటాయేమో, ఎదురొస్తూ "ఏంది బిడ్డా, ఎవ్వరన్నా ఎంబడి పడ్డరా? మెల్లగ ఉరుకు, బండ మీద జారుతవ్" అన్నాడు. లేదంకుల్ అని ఒక నవ్వు నవ్వేసి ఆయన దాటగానే కావాలనే ఇంకొంచెం స్పీడు పెంచా, నిజంగానే తడి బండ మీద కాలు జర్రున జారింది. పడలేదు లెండి, పక్కనున్న కొమ్మ పట్టుకుని ఆగా. వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు. ఈ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళట, హైదరాబాద్ అంతా కూర్చున్నది ఈ రాయి మీదే, మన 10కే ట్రైనింగ్ వాటికేం లెక్క.

ఇదంతా అసలు ఒక ప్యాలెస్ కాంపౌండ్ అంటే మొదట్లో నేను నమ్మలేదు. లోపల చిరాన్ ప్యాలెస్ ఉంది, ఏడో నిజాం మనవడు ముకర్రం జా కోసం కట్టింది. 1998లో ఈ 390 ఎకరాల్ని నేషనల్ పార్కు చేసి మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. చుట్టూ గజం లక్షల్లో పలికే చోట ఇంత అడవి మిగలడం మామూలు విషయం కాదు. 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ చెట్లు కొట్టేస్తారని తెలిసి జనం వచ్చి గొడవ చేశారంటే చెయ్యరా మరి.

సరే, అసలు సంగతికొస్తా. నాలుగో కిలోమీటరులో వాచీ చూసుకున్నా, పేస్ (అంటే కిలోమీటరుకి పట్టే టైము) ఘోరంగా ఉంది, బయట ట్రాక్ మీద కన్నా నిమిషం పైనే ఎక్కువ. బురద, వేర్లు, ఎదురొచ్చే వాకర్లకి దారివ్వడం, ఇంకెలా ఉంటుంది. తిట్టుకుంటూ వాచీ మీంచి కళ్ళు కిందకి దించానా, షూ ముందు బెత్తెడు దూరంలో ఎర్రగా ఏదో కదిలింది. ఆరుద్ర పురుగు! ఇంకో అడుగు పడుంటే దాని పని అయిపోయేది.

అక్కడే గొంతుక్కూర్చున్నా. ఎన్నేళ్ళయిందో దీన్ని చూసి. కుంకుమ భరిణె మూతకి కుట్టే మఖమల్ గుడ్డ ముక్క ఒకటి ఊడిపడి కాళ్ళొచ్చి నడుస్తున్నట్టుంది. అంత వాన పడినా దాని వీపు మీద ఒక్క చుక్క లేదు, ఎక్కడా మట్టి అంటలేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో అగ్గిపెట్టెలో గడ్డి పరిచి వీటిని పెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాళ్ళం. వేలితో ముట్టుకుంటే కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని గోళీలా అయిపోయేది, మళ్ళీ ఎప్పుడు లేస్తుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. ఆదివారం కూడా ముట్టుకున్నా, అబద్ధం ఎందుకు. ముడుచుకుంది. లేచేదాకా కూర్చున్నా. ఈలోపు వాచీ తనంతట తనే రన్ ఆపేసింది, ఎక్కడో నెమలి గొంతు చించుకుంది, నా పక్క నుంచి నలుగురైదుగురు దాటుకుని పోయారు, ఒకావిడైతే "కళ్ళు తిరిగాయా నాన్నా, నీళ్ళు కావాలా" అని అడిగింది కూడా.

మిగతా రెండు కిలోమీటర్లు కిందకి చూసుకుంటూ పరిగెత్తా, పేస్ సంగతి ఇక అడక్కండి.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి చెప్పా, హైదరాబాద్ నడిబొడ్డులో ఆరుద్ర పురుగు కనపడిందమ్మా అని. "కనపడదా మరి, కార్తె వచ్చింది కదా" అంది తాపీగా. "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయిరా, మంచిదే. ఎన్ని ఉన్నాయి?"

ఒక్కటే అన్నా.

"ఒక్కటెందుకుంటుంది, సరిగ్గా చూసుండవు. పరిగెడితే ఏం కనపడతాయి!"

వానలు ఇలాగే ఉంటే వచ్చే ఆదివారం మళ్ళీ లోపలికే.