చాయ్ వద్దంటే ఊరుకుంటారా

సోమవారం, రాత్రి

శని, ఆదివారాలు యార్డు బంద్ కాబట్టి సోమవారం వచ్చిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్లో కాలు పెట్టే సందు ఉండదు. ఇవాళా అంతే. రాత్రి నుంచే మిర్చి బస్తాలు దిగాయి. వేలం, అదే మా జెండా పాట, అయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆ తర్వాత కాంటాలు, తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు), రైతుల లెక్కలు. కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమస్తా పనంటే కుర్చీకి అతుక్కుపోవడమే. లేచేది ఒంటికి పోవడానికో, ఫోన్ సిగ్నల్ కోసమో.

కూర్చున్న చోటికే అన్నీ వస్తాయి. ముఖ్యంగా చాయ్. దుకాణం తెరవగానే సేటు చెప్పే చాయ్ ఒకటి. సరుకు మంచి ధర పలికిందని పర్వతగిరి రైతు తెప్పించే చాయ్ ఒకటి. ధర పలకక తల పట్టుకొని కూర్చున్న ఇంకో రైతు కోసం మేం తెప్పించేది ఒకటి. ఆయనొక్కడే తాగితే బాగుండదని మాకూ వస్తుంది. ఖరీదుదారు వస్తే మళ్ళీ ఒకటి. చూడ్డానికి చిన్న గ్లాసే, రెండు గుక్కలు. కానీ తాగాక అడుగున చక్కెర మిగిలే చాయ్ అది. గ్లాసుకు చెంచాన్నర చొప్పున వేసుకున్నా ఐదు గ్లాసులకు ఏడు చెంచాలు దాటుతుంది. చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మధ్యాహ్నం డబ్బా మూత తీయకముందే నా వాటా అయిపోతోందన్నమాట.

అందుకని ఇవాళ ఒక గ్లాసు వద్దన్నాను. "ఏందన్నా, షుగర్ వచ్చిందా?" అని పక్క దుకాణం దాకా వినబడేట్టు అడిగాడు చాయ్ పిల్లగాడు. లేదంటే ఎవడూ నమ్మలేదు. ఒకాయన నేరేడు గింజల పొడి చెప్పాడు, ఇంకొకాయన కాకరకాయ రసం. రోగం లేనివాడు చాయ్ ఎందుకు మానేస్తాడన్నది వాళ్ళ లెక్క. చాయ్ చెప్పిన రైతు మాత్రం ఏమీ అనలేదు, నా మొఖంలోకి చూసి ఊరుకున్నాడు. తేజ రకం మిర్చి పండించి, అనుకున్న ధర రాక, అయినా జేబులోంచి నోటు తీసి చాయ్ చెప్పిన మనిషి. ఆయన ముందు 25 గ్రాముల లెక్క ఎట్లా చెప్పను? చివరికి కాంటా వేసే దడువాయితో వన్ బై టూ చేసుకున్నాను. అందరి పరువూ నిలబడింది.

'తీపి తగ్గించండి' అని కరపత్రాలు వేసేవాళ్ళు ఇదంతా నాకూ చక్కెర డబ్బాకూ మధ్య వ్యవహారం అన్నట్టు రాస్తారు. నా అలవాట్లు అని నేననుకునేవాటిలో సగం మర్యాదలే. ఆకలేసి తినేదెంత, మొహమాటానికి తినేదెంత అని ఎవరైనా విడదీసి తూకం వేస్తే తెలుస్తుంది.

"కష్టం చేసేటోనికి రోగం రాదు" అని మా దగ్గర ఓ మాట. దానికి రుజువుగా అందరూ మా హమాలీ మామను చూపిస్తారు. యాభై దాటినా పొట్ట లేదు. భుజాన తువ్వాలను నాలుగు మడతలు వేసి, బస్తా ఎత్తుకొని, లారీకి వేసిన చెక్క మీద నడిచిపోతాడు. ఇవాళ తిన్నాక లేవబోతుంటే చూశాను: ముందు ఒక చెయ్యి మోకాలి మీద, రెండోది బస్తా మీద, ఆ తర్వాత కాసేపు ఆగడం, అప్పుడు లేవడం. మిర్చి ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకున్నా దగ్గు ఆగదు. డబ్బాలో అన్నం కొండంత, పక్కన పండుమిర్చి తొక్కు, పచ్చిపులుసు. చెమట పోతుందని పైన ఇంకాస్త ఉప్పు. వాళ్ళ బస్తీకి వచ్చిన ఆశా వర్కర్ బీపీ చూసి దవాఖానకు పొమ్మందట. "బస్తాలు మోసేటోనికి బీపీ ఏంది" అని నవ్వాడు. బీపీ అట్లా అడిగి రాదు మామా, రోజుకు ఉప్పు ఐదు గ్రాములు దాటొద్దంటారు, ఒక్కసారి చూపించుకో అన్నాను. తంబాకు బుగ్గకు నొక్కుకొని బస్తాల వైపు పోయాడు. ఆయన ఒళ్ళు అరుగుతోంది, నా ఒళ్ళు పేరుకుపోతోంది. మా ఇద్దరిలో ఫిట్ ఎవరో చెప్పడం కష్టం.

తిండి మాట వస్తే దుకాణంలో ఎప్పుడూ వచ్చే వాదనే వచ్చింది. పాతకాలం వాళ్ళు గటక తిన్నారు, గట్టిగున్నారు అని. మా నాయినమ్మ జొన్న గటకే తిన్నది, ఎనభై దాటి బతికింది, నిజమే. ఆమె తోడబుట్టినవాళ్ళలో చిన్నప్పుడే పోయినవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. పైగా గటకతో పాటు పొద్దుగూకేదాకా నాట్లు, కలుపులు కూడా ఉండేవి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ నీళ్ళతో వరి పెరిగింది, మూడు పూటలా తెల్లన్నం అయింది. ఆకలి తీరింది. దాన్ని తప్పని నేనెప్పుడూ అనను. పొలం పని పోయి కుర్చీ వచ్చినా పళ్ళెంలో అన్నం మాత్రం తగ్గలేదు, అంతే.

తిన్నవెంటనే తాగే చాయ్ ఒకటుంది. అది ఎవరి మర్యాదా కాదు, ఉత్త అలవాటు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో భోజనానికి గంట ముందూ గంట తర్వాతా చాయ్, కాఫీ వద్దని ఉంది. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనియ్యవు. దాన్ని మానితే ఎవరూ బాధపడరు. ఆ టైములో పత్తి యార్డు దాకా రేకుల కింద నీడన నడిచి వచ్చాను. తిన్నాక నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, మధ్యాహ్నం కునుకు కూడా రాలేదు. "ఎవరన్నా తప్పిపోయిండ్రా, గట్ల తిరుగుతున్నవ్?" అని మాత్రం అడిగారు.

సాయంత్రం భద్రకాళి చెరువు బండ్ మీద వాకింగ్ చేసేవాళ్ళు ఎప్పట్లాగే కనిపించారు. బండి మీద వచ్చి, ఒక రౌండు వేసి, కింద మిర్చి బజ్జీ తిని పోయేవాళ్ళను చూసి నేనిప్పుడు నవ్వలేను. ఆ రౌండైనా వేస్తున్నారు.

ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటింది. మా ఆవిడ టైలర్ టేపు తీసి నడుము కొలిచింది. మన మగవాళ్ళకు 90 సెంటీమీటర్ల లోపు ఉండాలట. టేపు ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయను. జొన్న రొట్టె, సొరకాయ కూర తిన్నాను. పిల్లవాడు ట్యూషన్ నుంచి వచ్చి తినేసరికి తొమ్మిదిన్నర. మా ఆవిడ తినేది ఆ తర్వాత, అదీ కొత్తగా వడ్డించుకొని కాదు. గిన్నెలో మిగిలిన అన్నం పారేయడం ఎందుకని, ఆకలి ఎంతున్నా లేకున్నా అది ఖాళీ చేయడం. పొద్దంతా నా చాయ్ గ్లాసులు లెక్కపెట్టుకున్నాను గానీ, పదింటికి తన పళ్ళెంలో ఏముంటుందో ఇవాళే సరిగ్గా చూశాను.

అందరం ఎనిమిదిన్నరకే కలిసి తిందామన్నాను. "ముందు మీరు ఏడింటికల్లా ఇంటికి రండి, అప్పుడు చూద్దాం" అంది. మిర్చి సీజన్లో అది నా చేతిలో లేదు. పిల్లవాడిని ముందు బ్యాచ్‌కు మార్చుతారేమో రేపు ట్యూషన్ సారును అడగాలి.