చిన్న గిటార్‌కి పికప్ కొనే ముందు ఒకసారి ఫ్యాన్ ఆపి చూడండి

చిన్న గిటార్‌కి ఏ పికప్ (గిటార్ శబ్దాన్ని ఆంప్‌కి, అంటే స్పీకర్ పెట్టెకి, పంపే పరికరం) పెట్టించాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు గిటార్ సంగతి అడగను, మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందా అని అడుగుతాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. కానీ పికప్ మార్చినా గుయ్‌మంటూనే ఉంది అని వాపోయేవాళ్లలో చాలామందికి గోల గిటార్‌లో లేదు, గోడలో ఉంది. అది తెలియకుండా ఇంకో పికప్ కొంటే డబ్బులు పోతాయి, గుయ్ మాత్రం ఎక్కడికీ పోదు.

ముందు ఆ శబ్దం ఏంటో చూద్దాం. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే ఈ గుయ్, అంటే హమ్, 50 దగ్గర, 100 దగ్గర, ఆపైన 150, 200 అలా వస్తుంది. గిటార్ ఆరో తీగని ఏమీ నొక్కకుండా మీటితే 82 హెర్ట్జ్, మూడో ఫ్రెట్ నొక్కితే 98, అంటే జి. ఆంప్ లోంచి వచ్చే ఆ గుయ్ దాదాపు ఆ జి స్వరమే, పిసరంత పైన. శ్రుతి పెట్టె ఎవరో జి లో పెట్టి పక్కగదిలో వదిలేసినట్టు ఉంటుంది. జి మేజర్‌లో పాట వాయిస్తున్నంతసేపూ పెద్దగా తెలీదు, ఎఫ్ షార్ప్‌లోకి వెళ్లగానే చిరాకు మొదలవుతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి వాళ్ల హమ్ 120 దగ్గర, బి ఫ్లాట్‌కీ బి కీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. డాలస్‌లో ఉన్న మనవాళ్లు ఇంట్లో రికార్డు చేసి పంపిన పాటలో హమ్ ఉంటే, ఏ దేశం కరెంటో చెవితోనే చెప్పేయొచ్చు.

ఇప్పుడు పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు. గిటార్‌కి ఇప్పటికే ఏదో ఒక పికప్ ఉంటే, లేదా ఫ్రెండ్ దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ అరువు తెచ్చుకుంటే, ఆంప్‌కి తగిలించి, తీగల మీద చెయ్యి ఆనించి మోగకుండా ఆపి, గదిలో నిలబడి మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కుకి తిరిగినప్పుడు హమ్ బాగా తగ్గి, ఇంకో దిక్కుకి తిరిగినప్పుడు పెరిగిందంటే, అది గాల్లోని అయస్కాంత క్షేత్రం పికప్ కాయిల్‌లోకి, అంటే దాని లోపలి రాగి వైరు చుట్టలోకి, దూరుతున్నట్టు. ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్, అడాప్టర్లు, గోడలో వైర్లు, పాత ట్యూబ్‌లైట్ చోక్, ఇవన్నీ కారణాలే. అలా కాకుండా, మీరు జాక్ లోహాన్ని ముట్టుకోగానే శబ్దం తగ్గి చెయ్యి తీయగానే పెరిగితే, అది షీల్డింగ్ (బయటి గోల దూరకుండా వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) సరిగ్గా లేకపోవడమో ఎర్త్ లేకపోవడమో. గిటార్ ఏ దిక్కుకి తిప్పినా, వాల్యూమ్ సున్నాకి తెచ్చినా ఒకేలా గుయ్‌మంటుంటే గిటార్‌కి దానితో సంబంధమే లేదు, కేబుల్‌నీ ఆంప్‌నీ కరెంటునీ చూసుకోవాలి.

తర్వాత ఒక్కోటీ ఆపుతూ పోండి. ముందు ఫ్యాన్. గుండ్రంగా తిరిగే నాబ్ ఉన్న కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, లైట్లకి పెట్టే డిమ్మర్లు కరెంటు అలని ముక్కలుగా కోసి పంపిస్తాయి. ఆ కోత దగ్గర పుట్టేది మెత్తని హమ్ కాదు, జర్‌ర్‌ర్ అనే పదునైన బజ్. ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెడితే తగ్గుతుంది, రెండులో పెడితే పెరుగుతుంది. టక్ టక్‌మని స్టెప్పుల్లో తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్‌తో ఈ గొడవ ఉండదు. తర్వాత లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. రెండు పిన్నుల చార్జర్లతో, ఎర్త్ లేని సాకెట్లో మూడు పిన్నుల చార్జర్లతో, లాప్‌టాప్ లోహపు బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమని సన్నగా తగులుతుంది కదా, అదే లీకేజీ ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) గుండా మీ రికార్డింగ్‌లోకీ వస్తుంది. ఇంకోటి, ఇది మన ఇళ్లలో తప్పని విషయం: కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి రాగానే హమ్ గరగరలాడుతుంటే అది చవకలో దొరికే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో అంత ఉండదు. దీనికి పికప్ ఏం చేస్తుంది పాపం.

ఎర్తింగ్ సంగతి. గోడకి మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన పై రంధ్రం వెనక వైరు ఉందని కాదు. అద్దె ఇళ్లలో, పాత పోర్షన్లలో చాలాచోట్ల ఆ పిన్ను ఉత్త అలంకారమే. వైరు ఉన్నా, ఇంటి పక్కన ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంత ఎండాకాలంలో ఎండిపోయి ఉంటే ఎర్త్ అంతంత మాత్రమే. మా పక్క పెద్దవాళ్లు వేసవిలో ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయడం ఊరికే కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్తాను: హమ్ పోతుందని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, దానికి టేపు చుట్టడం అస్సలు చెయ్యొద్దు. నిజంగానే హమ్ పోతుంది, అందుకే ఆ చిట్కా ఇంకా బతికుంది. కానీ లోపల ఏదైనా ఫాల్ట్ వచ్చిన రోజు ఆ కరెంటు మీ చేతిలోని జాక్ గుండా, పెదవికి ఆనిన మైకు గుండా దారి వెతుక్కుంటుంది. ఆంపూ లాప్‌టాపూ వేర్వేరు సాకెట్లలో ఉండి గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి ఒక చుట్టగా మారడం) అవుతుంటే, రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించండి. స్టేజి మీద అయితే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (ఆడియో కేబుల్ గ్రౌండ్‌ని మాత్రమే తెంపేది) ఉన్న డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చి పంపే పెట్టె) వాడండి. దాని పనే అది.

ఇవన్నీ అయ్యాక పికప్. ముందే చెప్పాలి, నైలాన్ తీగల గిటార్ అయితే సౌండ్ హోల్‌కి (గిటార్ మధ్యలో ఉండే గుండ్రని రంధ్రానికి) తగిలించే మాగ్నెటిక్ పికప్ పనికిరాదు. అయస్కాంతానికి ఇనుము కావాలి. ఇక్కడినుంచి నేను చెప్పేది స్టీలు తీగల చిన్న గిటార్ల గురించి, అంటే లిటిల్ మార్టిన్, బేబీ టేలర్, ఆ సైజులో దొరికే మిగతావన్నీ. ఇంగ్లిష్ పాప్ గాయకుడు ఎడ్ షీరన్ ఇంతే ఉన్న మార్టిన్‌తో స్టేడియాలు నింపాడు కాబట్టి చిన్న గిటార్ స్టేజికి పనికిరాదు అనే మాట నా దగ్గర ఎత్తకండి.

మాగ్నెటిక్‌లో సింగిల్ కాయిల్ చవక, తేలిక, శబ్దం కూడా బావుంటుంది. కానీ ఇందాక చుట్టూ తిరిగి చూసిన హమ్ మొత్తం దానికి నేరుగా వినపడుతుంది. హమ్‌బకర్‌లో రెండు కాయిళ్లు ఉంటాయి, రెండూ ఎదురు దిశల్లో పనిచేసేలా కలిపి, అయస్కాంతాల ధ్రువాలని కూడా తలకిందులు చేస్తారు. బయట నుంచి వచ్చే హమ్ రెండిట్లోనూ సమానంగా పుట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం కలిసి పెరుగుతుంది. గిబ్సన్‌లో సేత్ లవర్ 1955లో పేటెంట్‌కి అప్లై చేసిన ఉపాయం ఇది, ఇప్పటికీ దీన్ని మించింది పెద్దగా రాలేదు. ఫిష్‌మన్ నియో-డి, సీమూర్ డంకన్ వుడీ లాంటివి సింగిల్ కాయిల్, హమ్‌బకర్ రెండు రకాలుగానూ వస్తాయి, పేర్లు ఒకేలా ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు ఏది కొంటున్నారో ఒకటికి రెండుసార్లు చదవండి. ధరలో తేడా ఉంటుంది. ఆ తేడా పెట్టండి.

చిన్న గిటార్ దగ్గర కొన్ని ప్రత్యేకమైన తిప్పలు ఉన్నాయి. సౌండ్ హోల్ మామూలు గిటార్లకి దాదాపు 10 సెంటీమీటర్లు, చిన్నవాటికి అంతకంటే తక్కువ ఉండొచ్చు, కాబట్టి కొనే ముందు స్కేలు పెట్టి కొలిచి పికప్ పొడవుతో పోల్చుకోండి. అంచు కింద చెక్క బద్ద అడ్డం వస్తే క్లిప్ పట్టదు, వేలు పెట్టి తడిమి చూసుకోండి. రెండోది తీగల బిగువు. లిటిల్ మార్టిన్ స్కేలు పొడవు, అంటే తీగ మోగే నిడివి, 23 అంగుళాలు, పెద్ద గిటార్లది 25.4. అదే తీగ, అదే శ్రుతి, కానీ బిగువు దాదాపు 18 శాతం తక్కువ. తీగ ఎక్కువ ఊగుతుంది, గట్టిగా కొట్టేవాళ్లయితే ఆరో తీగ వచ్చి పికప్‌కి తగిలి టక్‌మంటుంది. పికప్‌ని కొంచెం దించి పెట్టుకోవాలి. ఇంకా, కంచు చుట్టిన తీగల్లో పికప్‌కి వినపడేది లోపలి స్టీలు మాత్రమే, అందుకని చుట్టు లేని మొదటి రెండు తీగలు అందరికంటే గట్టిగా మోగుతాయి, ముఖ్యంగా బి తీగ. అడుగున తిప్పుకునే స్క్రూలు ఉన్న పికప్ అయితే బి కింద స్క్రూ దించేస్తే సరి. లేకపోతే ఆ తీగ పాటంతా నెత్తికెక్కి కూర్చుంటుంది.

ఇక పీజో, అంటే చెక్క వణుకుని కరెంటుగా మార్చే రకం. శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే బద్ద) కింద పెట్టే సన్నని పట్టీ ఒకరకం, బ్రిడ్జ్ ప్లేటుకి (బ్రిడ్జ్ కింద గిటార్ లోపల ఉండే చెక్కకి) లోపలి నుంచి అంటించే బిళ్లలు ఇంకోరకం. కే అండ్ కే ప్యూర్ మినీ ఈ రెండోరకంలో పేరున్నది, మూడు బిళ్లలు, బ్యాటరీ అక్కర్లేదు. పీజోలో కాయిల్ ఉండదు కాబట్టి ఇందాకటి అయస్కాంత హమ్ దాని దరికి రాదు. అలా అని నిశ్శబ్దంగా ఉంటుందనుకోవద్దు. దాని ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అడ్డుపడే గుణం) చాలా ఎక్కువ, షీల్డ్ లేని వైరు నాలుగు అంగుళాలున్నా యాంటెన్నాలా గాల్లో బజ్‌ని పట్టేస్తుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో చాయ్ డబ్బులకే దొరికే 27 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ల కొనుక్కొచ్చి అంటించుకున్నవాళ్లు తిట్టుకునేది అందుకే. ఆ బిళ్లని నేను తీసిపారేయను, నిజంగా బాగానే పనిచేస్తుంది. ఇత్తడి వైపు గ్రౌండ్‌కి, తెల్ల సిరామిక్ వైపు సిగ్నల్‌కి ఇచ్చి, సిరామిక్ మీద ఒక పొర మామూలు టేపు, దానిమీద రాగి ఫాయిల్ టేపు చుట్టి, ఆ రాగిని కూడా గ్రౌండ్‌కి అతికించి, జాక్ వరకు షీల్డెడ్ వైరు వాడితే బజ్ సగానికి పైగా చస్తుంది.

పీజోతో హమ్ రావడానికి ఇంకో దొంగదారి ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. దాన్ని ఎక్కడ గుచ్చుతున్నారు అనేది. శాడిల్ కింద పీజోకి కెపాసిటెన్స్ (చార్జ్ పట్టుకునే గుణం) సుమారు 1 నానోఫారడ్ అనుకుందాం. దాన్ని 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌కి ఇస్తే 160 హెర్ట్జ్ కింద బాస్ తగ్గడం మొదలవుతుంది, 10 మెగా ఓమ్‌కి ఇస్తే 16 దగ్గర, అంటే బాస్ మొత్తం మనకే. అదే మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో, దాదాపు 10 కిలో ఓమ్‌లో, గుచ్చితే బాసూ లేదు, మధ్య స్వరాలూ లేవు, రేకు డబ్బా మోగినట్టుంటుంది. అప్పుడు ఆపరేటర్ ఏం చేస్తాడు? బాస్ నాబ్ మొత్తం తిప్పుతాడు, గెయిన్ పెంచుతాడు. గిటార్‌లో లేని బాస్ ఎక్కడినుంచి వస్తుంది, 50, 100 హెర్ట్జ్ దగ్గర కూర్చున్న హమ్ లేచి వస్తుంది. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ అని రాసున్న స్విచ్ నొక్కండి, లేకపోతే మధ్యలో ఒక ప్రీఆంపో (సిగ్నల్‌ని ముందే పెంచే చిన్న ఆంప్) కరెంటుతో నడిచే యాక్టివ్ డీఐయో పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే పాసివ్ డీఐలు బ్యాటరీ లేని పీజోకి అంతగా నప్పవు.

నా ఓటు ఎటంటే, చర్చిలోనో కాలేజీ ఫెస్ట్‌లోనో డ్రమ్స్ పక్కన, మానిటర్ స్పీకర్ ముందు నిలబడి వాయించేవాళ్లు హమ్‌బకర్ సౌండ్ హోల్ పికప్ కొనుక్కోవాలి. చిన్న డబ్బా గిటార్లు స్పీకర్ శబ్దానికి తొందరగా ఊగి కూత పెడతాయి, బ్రిడ్జ్ ప్లేటు మీది బిళ్ల ఆ ఊపునంతా వింటుంది, సౌండ్ హోల్ పికప్ ఎక్కువగా తీగనే వింటుంది. చెక్క శబ్దం కొంత పోతుంది, ఎలక్ట్రిక్ గిటార్ వాసన వస్తుంది, ఆ గోలలో ఎవరికీ తెలీదు. ఇంట్లో రికార్డింగ్‌కి, చిన్న గదిలో పదిమంది ముందు వాయించడానికి అయితే బ్రిడ్జ్ ప్లేటు బిళ్లలే నాకిష్టం. చిన్న గిటార్‌కి ఉండే ఆ ముక్కుతో పాడినట్టుండే గొంతు వాటిలోనే వినపడుతుంది. శాడిల్ కింది పీజో నాకు నచ్చదు, గట్టిగా మీటితే ప్లాస్టిక్ శబ్దం వస్తుంది. కొందరికి అదే నచ్చుతుంది, మిక్స్‌లో తేలికగా బయటకి వినిపిస్తుందని.

అంటించే ముందు ఒక మాట. బిళ్లలకి సూపర్ గ్లూ వేస్తే మళ్లీ తీయడం యాతన. ముందు పల్చటి డబుల్ సైడ్ టేపుతో పెట్టి, ఒక పాట వాయించి, నచ్చకపోతే అర అంగుళం జరిపి చూసుకోండి. చిన్న సౌండ్ హోల్‌లో పెద్దవాళ్ల చెయ్యి మణికట్టు దాకా దూరదు, తీగలు తీసేసి, అద్దం ముక్క, ఫోన్ టార్చ్ పెట్టుకుని చెయ్యాలి. మా ఇంట్లో ఈ పని పిల్లాడిది. అడుగున జాక్‌కి 12 మిల్లీమీటర్ల రంధ్రం పడుతుంది. చిన్న చవక గిటార్లలో లోపలి చెక్క దిమ్మ పల్చగా ఉంటే డ్రిల్ పెట్టగానే పెచ్చులు లేస్తుంది, రీమర్ (రంధ్రాన్ని మెల్లగా పెద్దది చేసే పనిముట్టు) ఉన్నవాడి చేత చేయించండి. రంధ్రం ఇష్టం లేకపోతే సౌండ్ హోల్ పికప్ కేబుల్ పక్కనుంచి తెచ్చి బెల్టుకి కట్టేసుకోవచ్చు, చూడ్డానికి బాగోదంతే.

బ్యాటరీ ఉన్న పికప్ కొంటే, చాలావాటిలో కేబుల్ గుచ్చగానే బ్యాటరీ ఆన్ అవుతుంది, వేరే స్విచ్ ఉండదు. వాయించడం అయ్యాక గిటార్‌ని కేబుల్‌తోనే స్టాండ్ మీద పెట్టి పడుకుంటే తెల్లారినా అది నడుస్తూనే ఉంటుంది. పీకేసి పడుకోండి.