బాపు నేర్పిన ఊపిరి

క్లారినెట్‌లో పీజీకి అప్లై చేస్తున్నా. ముందు వీడియో పంపాలి, నచ్చితేనే ఆడిషన్‌కు పిలుస్తారు. మోజార్ట్ 1791లో, తను చనిపోయిన ఏడాదే, స్టాడ్లర్ అనే వాద్యకారుడి కోసం రాసిన కన్చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ముందుండి వాయించే రచన) మొదటి భాగం సాధన చేస్తున్నా.

అసలు టెన్షన్ ఒక్కచోటే. వేళ్లు దాదాపు అన్నీ లేచి ఉన్న స్వరం నుంచి, రంధ్రాలన్నీ మూసే పై స్వరానికి ఒక్కసారిగా దాటాలి. ఒక్క వేలు ఆలస్యమైనా కీచుమంటుంది. పొద్దున్నే మెట్రోనోమ్ (టక్ టక్‌మని లయ చూపే పరికరం) పెట్టుకుని అదే పని. పైగా నల్గొండ ఎండలకు రీడ్ (ఊదితే కంపించి శబ్దం పుట్టించే పలుచటి బద్ద) ఎండిపోయి అంచు వంకర పోతోంది.

బాపు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. నోటేషన్ రాదు. బరాత్‌లో గంటల తరబడి నడుస్తూ వాయించినా స్వరం వణకదు. "ఊపిరి కడుపులకెళ్లి తియ్యి బిడ్డా" అంటాడు. పెద్ద పెద్ద మాస్టర్‌క్లాసుల్లో చెప్పేదీ అదే. నా మొదటి గురువు బాపే అని అప్లికేషన్‌లో గర్వంగా రాశాను.

ఆదివారం హైదరాబాద్ నుంచి నాకు తోడుగా పియానో వాయించే అన్న వస్తున్నాడు. వీడియో ఎడిటింగ్ లేకుండా ఒకే టేక్‌లో తీయాలి. టౌన్‌లో రోడ్డు చప్పుడు రాని హాలు ఎక్కడైనా ఉంటే చెప్పండి.