గడ్డి పడవకు కట్టిన ఫ్లెక్సీ

మాది ఏటిగట్టు మీద చిన్న పాల కేంద్రం. ఎదురుగా ఉన్న లంకలో పాడి ఉన్నవాళ్ళంతా పొద్దున్నే పడవ మీద వచ్చి నా దగ్గరే పాలు పోస్తారు. 2022 జూలైలో వారం రోజులు ఒక్క చుక్క కూడా రాలేదు.

వరద మాకు కొత్తేం కాదు. ఎర్రనీళ్ళు కనిపించగానే గేదెల్ని గట్టుకు తోలేస్తాం. కానీ ఆగస్టులో రావాల్సిన గోదారి ఆ ఏడాది జూలైలోనే వచ్చిపడింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్టెక్కినవి ఎక్కాయి. ఇంకో డెబ్భై దాకా లంకలో ఉన్న ఒక్క మెరక మీద ఇరుక్కున్నాయి. గడ్డిమేట్లన్నీ నీళ్ళలో నాని కుళ్ళిపోయాయి. గట్టు మీద కట్టేసిన ఓ చూడి గేదె ఆకలికి ఎండు కొబ్బరాకు నములుతుంటే, ఈనె గుచ్చుకుని సొంగతో పాటు నెత్తురు కారింది. దాని పలుపు పట్టుకున్న ముసలమ్మ తన కొంగుతోనే మూతి తుడిచింది.

రాజమండ్రి నుంచి జంతువుల సేవాసంస్థ పిల్లలు నలుగురు వ్యాన్‌లో దాణా బస్తాలు, కాళ్ళ పుళ్ళకు మందులు వేసుకొచ్చారు. సరుకుంది, పడవ లేదు. ఉన్న పడవలన్నీ మనుషుల్ని దాటించడానికే చాలడం లేదు. ఇక టెన్షన్ భరించలేక మా నాయకుడికి ఫోన్ చేశాను.

"ఎన్ని ఉంటాయోయ్?"

"డెబ్భై దాకా ఉంటాయండి."

"సరే, గంటలో పంటు పంపిస్తాను."

పంటు, అంటే బల్లకట్టు లాంటి పెద్ద పడవ వచ్చింది, దాంతో పాటు రెండు ట్రాక్టర్ల ఎండుగడ్డీ వచ్చింది. ముందువైపు ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కూడా ఉందనుకోండి! తర్వాత మావాళ్ళు దాన్ని దూడల పాక మీద కప్పుకున్నారు. ఎండకు వెలిసి ఇప్పుడు మీసం ఒక్కటే మిగిలింది.

అసలు గొడవ సంక్రాంతికి మొదలైంది. కోడిపందేల బరి దగ్గర రిబ్బన్ కత్తిరిస్తున్న ఆయన ఫొటో చూసి, ఆ నలుగురిలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, ఇక ఆయన గుమ్మం తొక్కను" అంది. నేనేం చెప్పను? కత్తి దిగిన పుంజు ఇసకలో ఎలా కొట్టుకుంటుందో చిన్నప్పుడు చూశాను. అప్పట్నుంచి బరి వైపు వెళ్ళలేదు. పందేలు ఆపమని 2016లో హైకోర్టు కూడా చెప్పింది. ఇక 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. బరి బయట బండి పార్కింగ్‌కే అంతకన్నా ఎక్కువ తీసుకుంటారు.

అయినా ఆ అమ్మాయికి రుక్మిణీదేవి అరండేల్ గారి సంగతి చెప్పాను. ఆవిడ నాట్యం అందరికీ తెలుసు. రాజ్యసభలో ఉండగా జంతువుల కోసం సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే తెస్తుందని నెహ్రూ మాటిస్తే వెనక్కి తీసుకున్నారు. అలా వచ్చిందే ఆ 1960 చట్టం. దాని కింద 1962లో పెట్టిన జంతు సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. అందులో ఆరుగురు ఎంపీలకూ, జంతు సంక్షేమ సంఘాలవాళ్ళకూ పక్కపక్కనే కుర్చీలున్నాయి.

"ఎంపీలు సరే బాబాయ్ గారూ, వాళ్ళలో బరికెళ్ళేవాళ్ళు లేరంటారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

వేసవిలో తనే వచ్చింది, చేతిలో ఒక కాగితంతో. ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్ళాం. వానలకు ముందే గొంతువాపు టీకాలు, గట్టు మీద ఎండుగడ్డి నిల్వ, లంకలో పశువులకు మెరక దిబ్బ. నాలుగోది చేత్తో రాసింది: బరి ప్రారంభించడానికి వెళ్ళకూడదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "గడ్డి అడుగమ్మా, దిబ్బ అడుగు. పుంజు జోలికి మాత్రం రాకు" అని నవ్వి నాలుగోది పెన్నుతో కొట్టేశారు.

టీకాలు ఆ జూన్‌లోనే వేయించారు. దిబ్బకు మట్టి సగం తోలారు, మిగతా సగం కోసం ఇప్పటికీ తిరుగుతున్నాం. వెళ్ళిన ప్రతిసారీ ఆ అమ్మాయి కాగితం కొత్తగా రాసుకొస్తుంది, నాలుగోదానితో సహా.