ఇల్లు ఆరి ఉండాలి

కూడు, గుడ్డ, గూడు అని మూడింటినీ ఒకే వరుసలో చెప్పుకుంటాం. కూడు ఎంత కావాలో, గుడ్డ ఎంత కావాలో ఎవరినడిగినా చెబుతారు. గూడు దగ్గరికొచ్చేసరికి ‘తల దాచుకోవడానికి ఇంత చోటు’ అని తేల్చేస్తాం. ఎంత చోటు? ఎలాంటి చోటు? పైన కప్పు ఉండి కింద నేల చెమ్మగా ఉంటే ఆ ఇంట్లో పిల్లలకు దగ్గు తగ్గదు, బట్టలు ఆరవు, బియ్యం పురుగు పడతాయి, రాత్రి నిద్ర పట్టదు. ఇల్లు చిన్నదైనా ఫరవాలేదు, ముందు ఆరి ఉండాలి. ఇంటికి వచ్చే జబ్బుల్లో సగం నీళ్ల దారినే వస్తాయన్నది నా గట్టి నమ్మకం.

ఆ నీళ్లు మూడు వైపుల నుంచి వస్తాయి. కింది నుంచి వచ్చేదాన్ని చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు ఇటుక నేలలోని తడిని పీల్చుకుని పైకి లాగుతుంది. గోడ అడుగు నుంచి మోకాలి ఎత్తు దాకా, ఒక్కోసారి మీటరు దాకా, రంగు పొరలుగా లేచి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది కింది చెమ్మే. దీన్ని ఆపేది పునాదికీ గోడకీ మధ్య వేసే డీపీసీ (డ్యాంప్ ప్రూఫ్ కోర్సు), అంటే చెమ్మను పైకి ఎక్కనివ్వని పొర. బయటి నేల కంటే కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తులో, గోడ మందమంతా ఎక్కడా తెగకుండా పరవాలి. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో వేసి వాటర్‌ప్రూఫ్ పొడి కలిపిన కాంక్రీటు 4 సెంటీమీటర్ల మందాన వేస్తే సరిపోతుంది.

డీపీసీ వేసిన ఇళ్లలోనూ చెమ్మ ఎక్కడానికి కారణం తర్వాత మనం చేసే పనులే. వాకిట్లో మట్టి పోసి, బండలు పరిచి, బయటి నేలను ఆ పొర కంటే ఎత్తు చేస్తాం. లేదా బయటి ప్లాస్టరింగును నేల దాకా దించేస్తాం. అప్పుడు తడి పొరను తప్పించుకుని ప్లాస్టరింగులోంచే ఎక్కేస్తుంది. చెమ్మ కనబడగానే దాని మీద గట్టి సిమెంటు పూత పూయడం ఇంకో పొరపాటు. తడి బయటికి ఆరే దారి మూసుకుపోయి, పూత పైఅంచు దాటి మరింత ఎత్తుకు పాకుతుంది. పాత ఇటుక గోడకు సున్నపు పూతే మేలు, అది తడిని ఆరనిస్తుంది.

తడి గోడలోంచి వస్తోందా, గదిలోని గాలిలోంచి వస్తోందా అని అనుమానముంటే ఒక తేలికైన పరీక్ష ఉంది. గోడను తుడిచి, అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక, గోడ వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోదే. గది వైపు పడితే ఇంట్లో గాలి ఆడడం లేదని అర్థం. ఈ రెండింటికీ మందు వేరు. ఇది చూసుకోకుండా రంగులకు ఖర్చు పెట్టకండి.

లోపలి తడిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. నలుగురున్న ఇంట్లో ఊపిరి, వంట, స్నానం, లోపల ఆరేసే బట్టలు అన్నీ కలిపి రోజుకు లీటర్ల కొద్దీ నీరు ఆవిరై గాలిలో చేరుతుంది. అది చల్లటి గోడ తగలగానే నీరవుతుంది, అక్కడ బూజు పడుతుంది. బీరువా వెనక నల్లటి మచ్చలు అలా వచ్చినవే, కాబట్టి బీరువాను బయటి గోడకు ఆనించకుండా 5 నుంచి 10 సెంటీమీటర్లు జరిపి పెట్టాలి. ఒకే గోడకు రెండు కిటికీలు పెట్టేకంటే ఎదురెదురు గోడలకు ఒక్కొక్కటి పెడితే గాలి నిజంగా ఆడుతుంది. వేడిగాలి పైకే చేరుతుంది గనుక ఒక వెంటిలేటరు కప్పుకు దగ్గరగా ఉండాలి. ఇక చలికి భయపడి తలుపులన్నీ బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టడం మాత్రం ఎవరూ చేయకూడదు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పైకప్పుకు వాన ఒక పరీక్ష, గాలి ఇంకా పెద్ద పరీక్ష. గాలి కప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం గానీ, ఎక్కువసార్లు పైకి పీకుతుంది. చూరు అంచుల్లో, మూలల్లో, నడికొప్పు దగ్గర ఆ లాగుడు ఎక్కువ. అందుకే అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా వేయాలి. రేకుల ఇంట్లో స్క్రూ ఎత్తు మడత మీదే పడాలి, పల్లపు మడతలో వేస్తే నీళ్లు పారే దారిలోనే బెజ్జం పెట్టినట్టు. కింది రబ్బరు వాషరు కాస్త అణిగేంత బిగిస్తే చాలు, మరీ బిగిస్తే చీలుతుంది. పాత కప్పు కారుతుంటే రేకు మార్చేముందు ఎండకు పగిలిన వాషర్లు మార్చి చూడండి. రేకు పట్టెకు, పట్టె వాసానికి, వాసం గోడకు లేదా స్తంభానికి, స్తంభం పునాదికి గట్టిగా కట్టి ఉండాలి. ఈ వరుసలో ఒక్కచోట వట్టి మేకు మాత్రమే ఉంటే గాలివాన అక్కడే ఊడదీస్తుంది.

విపత్తులో టార్పాలిన్ కిందికి చేరినవాళ్లకూ ఇదే సూత్రం. పట్టా లాగి కట్టి బాగా వాలు ఇవ్వాలి, లేకపోతే నడుమ నీళ్లు నిలిచి చిరుగుతుంది. తాడు కట్టే కన్నాలు తెగిపోతే పట్టా అంచులో గుండ్రటి గులకరాయిని మూటలా చుట్టి, ఆ మూట మెడకు తాడు బిగించండి, జారదు. చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వి పల్లం వైపు వదలాలి. మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు కావాలని సహాయక శిబిరాలకు పాటించే స్ఫియర్ ప్రమాణాలు చెబుతాయి. అంటే అయిదుగురికి 17.5 చదరపు మీటర్లు. అందులో పడకలు వేసి, సామాను పెడితే నడవడానికి సందు మిగులుతుంది, అంతే. తలుపుకు లోపలి నుంచి గడియ, మరుగుదొడ్డి దారిలో దీపం ఉండాల్సిందే. ఆడవాళ్లు రాత్రి బయటికి వెళ్లడానికి భయపడి నీళ్లు తాగడం మానేసే చోటును ఇల్లని నేను అనలేను.

తగిన నివాసానికి ఏమేం కావాలో ఐక్యరాజ్యసమితి కమిటీ 1991లో చెప్పిన ఏడింటిలో మొదటిది, ఖాళీ చేయిస్తారన్న భయం లేకపోవడం. ఇది కాగితం మీది సంగతిలా అనిపిస్తుంది గానీ గోడలో కనబడుతుంది. వచ్చే నెల ఉంటామో లేదో తెలియనివాళ్లు డీపీసీ ఎందుకు వేస్తారు? కారే చోట గిన్నె పెట్టుకుంటారు. అద్దె రసీదు, చిన్నదైనా రాతపూర్వక ఒప్పందం అడిగి తీసుకోండి. అదీ దొరకనప్పుడు మేకుల బదులు బోల్టులు, స్క్రూలు వాడండి. వెళ్లాల్సి వచ్చిన రోజున రేకులు చిరగకుండా విప్పుకోవచ్చు, కొత్త చోట వాటినే కొత్త వాషర్లతో, పాత బెజ్జాల్లోనే బిగించుకోవచ్చు.