ఇత్తడి బిళ్ల, నంబరు 214

పొద్దున్నుంచి ఒక్క లైను బుర్రలో తిరుగుతోంది. శుక్రవారం మధ్యాహ్నం రెండూ పదికి 43 టికెట్లు, అంటే మాకొచ్చిన వినతులు, మూసేసినట్టు ఎప్పుడేం జరిగిందో రాసుకునే లాగ్‌లో ఉంది. మూసిందెవరు అన్నచోట ‘అసిస్టెంట్ కామన్’ అని ఉంది, అంతే. టీమ్‌లో పదహారు మందిమి, పదహారు మందికీ అదే పేరు. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి అడిగాను. అబద్ధం ఆడుతున్నారని నేననుకోను, నిజంగానే ఎవరికీ గుర్తులేదు. పాతవన్నీ సర్దేయమని మా ఏఐ అసిస్టెంట్‌కి ఎవరో ఒక మాట టైప్ చేసి టీకి వెళ్లి ఉంటారు, అది సర్దేసింది. ఆ 43లో ఒకటి మూడు వారాలుగా ఎదురుచూస్తున్న ఒక పెద్దాయనది. ఫోన్ చేసి, "అమ్మా, నా పని అయిపోయిందని మెసేజ్ వచ్చింది, కానీ అవలేదు" అన్నారు. ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

ఇదంతా మా ఆఫీసు సర్వరు ఒకదాని సంగతి, మొదట్లో దాన్ని చూసి ఎంత మురిసిపోయానో. టికెట్లు, ఫైళ్లు, రిపోర్టులు అన్నీ అసిస్టెంట్ చేతికి అందించే సర్వరు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ వాళ్లు ఎంసీపీ, అంటే ఏఐ అసిస్టెంట్‌కి బయటి పనిముట్లు అందించే పద్ధతి, బయటపెట్టిన కొత్తలో ఈ పనిముట్లని చాలామంది ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లే నడుపుకున్నారు, కాబట్టి లాగిన్ గొడవ పెద్దగా ఉండేది కాదు. మేం అందరికీ కలిపి ఒకటే ఉంటే బాగుంటుందని ఆఫీసు సర్వరు మీద పెట్టాం. ఒక కీ, అంటే సర్వరులోకి రానిచ్చే రహస్య సంకేతం, అందరికీ కలిపి తయారుచేసి గ్రూపులో పడేశాం. మేం అంటున్నాను గానీ పడేసింది నేనే, బుజ్జిగాడికి జ్వరం వచ్చిన రోజు, త్వరగా ఇంటికి వచ్చేయాలన్న తొందరలో.

సరే, ఇవాళ మీటింగు. సింగిల్ సైన్ ఆన్ పెట్టేద్దాం, ఆఫీసు మెయిల్‌కి వాడే లాగిన్‌తోనే దీంట్లోకీ రావాలి అన్నాను. మా పెద్దసారు వెంటనే "మనవాళ్లే కదమ్మా, బయటివాళ్లెవరూ రారు కదా" అన్నారు. ఈ మాటకి నాకెంత ఒళ్లు మండుతుందో చెప్పలేను. మనవాళ్లే అయితే పేరు చెప్పి లోపలికి రావడానికి ఏం కష్టం? మేలో ఒకమ్మాయి ఉద్యోగం మానేసింది, బంగారంలాంటి పిల్ల, ఆ అమ్మాయి మీద నాకే అనుమానమూ లేదు. కానీ ఆమె వెళ్లిన రోజు మెయిల్ ఆపారు, ఐడీ కార్డు తీసుకున్నారు, ఈ కీ మాత్రం ఆమె ఫోన్‌లో, పాత గ్రూపు మెసేజ్‌లో అలాగే ఉంది. సైన్ ఆన్ ఉండుంటే అకౌంటు ఆపిన కాసేపటికే ఈ తలుపూ మూసుకునేది. ఇదంతా చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటూ విన్నారు. విని, "మరి నైట్ షిఫ్టు పిల్లలు గంటకోసారి లాగిన్ అవ్వాలా?" అన్నారు. లాగిన్ అయ్యాక చేతికిచ్చే టోకెను, అంటే లోపలికి రానిచ్చే చీటీ లాంటిది, పదిహేను నిమిషాలకి మించి బతకకూడదని నేను, కనీసం రోజంతా ఉండాలని ఆయన, అలా నలభై నిమిషాలు. కాఫీ చల్లారిపోయింది. ఋషికొండ కొండ మీద ఆ అద్దాల గదిలో కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది, ఇవాళ ఒక్కసారి కూడా అటు చూడలేదు.

ఇంటికొచ్చేటప్పుడు కొమ్మాది దగ్గర ట్రాఫిక్‌లో ఉండగా వెలిగింది, మేం పోట్లాడుకున్నది రెండు వేరే విషయాల మీద. ఆయన భయం మనుషులు మళ్లీ మళ్లీ పాస్‌వర్డు కొట్టాల్సి వస్తుందని. నా భయం అకౌంటు ఆపేశాక కూడా, ముందే ఇచ్చిన టోకెను గడువు తీరేదాకా చెల్లుతుందని. టోకెను గడువు చిన్నదే పెట్టి, వెనకాల దానంతటదే కొత్తది తెచ్చుకునేలా రిఫ్రెష్ టోకెను ఇస్తే మనిషిని కదిపే పనే ఉండదు, అకౌంటు ఆపేస్తే ఆ కొత్తది రాదు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. రేపు చెప్తాను. కానీ "మనవాళ్లే కదా" అన్నందుకు మాత్రం కోపం తగ్గలేదు.

టోకెను అన్నప్పుడల్లా నాకు నాన్న బిళ్లలే గుర్తొస్తాయి. మర్రిపాలెం వైపు ఒక వర్క్‌షాపులో చేసేవారు నాన్న. రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది, ఇత్తడిది, పైన చిల్లు, మధ్యలో 214 అని పంచ్ కొట్టి ఉండేది. నాలుగు కొంచెం పక్కకి ఒరిగి ఉండేది. అలాంటివి ఆయనకి ఆరు ఇచ్చారు. ఉప్పుగాలికి నల్లబడితే ఆదివారం అమ్మ చింతపండుతో తోమేది, నేను పక్కన కూర్చుని లెక్కపెట్టేదాన్ని. చేతికి ఆ ఇత్తడి వాసన సాయంత్రం దాకా పోయేది కాదు. టూల్ రూమ్‌కి వెళ్లి పనిముట్టు కావాలంటే ఒక బిళ్ల ఇవ్వాలి. స్టోర్ బాబాయ్ పనిముట్టు తీసి ఇచ్చి, అది ఉండే చోట మేకుకి బిళ్ల తగిలించేవాడట. సాయంత్రం పనిముట్టు ఇస్తే బిళ్ల వెనక్కి. కాగితం లేదు, సంతకం లేదు. మేకు చూస్తే చాలు, ఏది ఎవరి దగ్గరుందో తెలిసిపోతుంది.

ఒకసారి మైక్రోమీటరు, సన్నటి కొలతలు తీసే పనిముట్టు, పోయింది. మేకుకి 214 వేలాడుతోంది. నాన్న తీసుకోలేదు. ఎవరో బిళ్లలు ఇంట్లో మర్చిపోయి వచ్చాడని నాన్న తనది ఇచ్చారు. జీతంలో మూడు నెలలు కోత పడింది. ఆ దీపావళికి ఒక్క చిచ్చుబుడ్ల పెట్టెతో సరిపెట్టుకున్నాం. అమ్మ ఎంత అడిగినా నాన్న, "బిళ్ల నాదే కదేటి, మరేటి సెప్తాను" అనేవారు. ఇవాళ అన్నం తిన్నాక కంచరపాలెంలో ఉన్న నాన్నకి ఫోన్ చేసి మళ్లీ అడిగాను, ఆ బిళ్ల ఎవరికిచ్చావు నానా అని. "ఇప్పుడెందుకమ్మా, ఆడికీ పిల్లలున్నారు" అన్నారు. పేరు చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. పొద్దున్నుంచి నాకు కావాల్సింది ఒక పేరు. లాగ్‌లో పేరు ఉండుంటే ఆ 43 టికెట్ల సంగతి తేలిపోయేది అనుకున్నాను. కానీ మా నాన్న పేరు మేకు మీద ఉంది, తేలిందేముంది? రేపు సైన్ ఆన్ పెట్టాక, మా కుర్రాడెవడో "సర్దేయ్" అంటే అసిస్టెంట్ తనకి తోచినట్టు 43 మూసేస్తే, లాగ్‌లో వాడి పేరు పడుతుంది, అప్పుడు నేనే వాడిని నిలబెట్టి అడుగుతానా? పేరు కావాలి, అందులో మార్పు లేదు. దానితో పాటు, ఊరికే చదివే పనిముట్లు వేరు, మూసేవీ చెరిపేవీ వేరు చెయ్యాలి. రెండో రకానికి అనుమతి విడిగా ఉండాలి, "ఇవిగో 43, మూసేయనా?" అని అడిగి ఆగాలి. మీటింగులో ఇది నేను ఒక్క ముక్క కూడా అనలేదు, ఆ పదిహేను నిమిషాల పట్టుదలలో.

సాయంత్రం అయిదింటికి టెస్టు సర్వరు మీద సైన్ ఆన్ పనిచేసింది, అది రాయడం మర్చిపోయాను. టోకెను లేకుండా వెళ్తే సర్వరు 401, అంటే లాగిన్ కాలేదు, అని తిప్పి పంపి, లాగిన్ ఎక్కడో చూపించింది, బ్రౌజరు తెరుచుకుంది, ఆఫీసు లాగిన్, ఫోన్‌లో ఒక నొక్కు, వెనక్కి. పాస్‌వర్డు మా సర్వరు కంట పడనే పడలేదు. మా చిన్నకుర్రాడు చప్పట్లు కొట్టాడు. అయితే వాడు టోకెను మీద సంతకం అసలైనదేనా అని చూశాడు గానీ, అది మా సర్వరుకోసం ఇచ్చిందేనా అని చూడలేదు. సెలవుల పోర్టల్‌కి ఇచ్చిన టోకెను పెడితే దర్జాగా లోపలికి వచ్చేసింది. 2025 జూన్ ఎంసీపీ పత్రంలో దీని గురించి గట్టిగానే ఉంది, తనకోసం ఇవ్వని టోకెను సర్వరు తీసుకోకూడదని. ఫౌండ్రీ బిళ్ల మెషిన్ షాపులో చెల్లదు కదరా అని వాడికి చెప్పాను, వాడికి ఫౌండ్రీ ఏంటో తెలీదు. లోహం పోత పోసే చోటని కూర్చుని చెప్పాను, వెంటనే సరిచేశాడు.

పాత కీ ఇంకా బతికే ఉంది. రాత్రి రెండింటికి ఏదో రిపోర్టు దాంతోనే నడుస్తోంది, ఎవరు రాశారో తెలీడం లేదు, అందుకని సార్ తీసేయొద్దన్నారు. ఇప్పుడే ఆయనకి మెసేజ్ పెట్టాను, రేపు పదింటికి తీసేస్తున్నానని, టోకెను గడువు విషయంలో మీరన్నది సబబేనని కూడా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. అత్తయ్య లైటు తీయమంటున్నారు.