బుడాపెస్ట్‌లో బార్తోక్ ఇంటి నుంచి లిస్ట్ అకాడమీ వరకు

బుడాపెస్ట్‌లో ఐదో నంబరు బస్సెక్కి బుడా కొండల దిగువనున్న పషరేతి కూడలిలో దిగి, అక్కడి నుంచి ఎగువకు నడిచి చలాన్ వీధిలోని 29వ నంబరు ఇంటికి చేరుకున్నాను. స్వరకర్త బేలా బార్తోక్ 1932 నుంచి 1940లో అమెరికాకు వలస వెళ్లేవరకు నివసించిన ఈ ఇల్లు 1981లో స్మారక మందిరమైంది. లోపల నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఆయన 1907లో ట్రాన్సిల్వేనియా గ్రామంలోని ఒక వడ్రంగి చేత చేయించుకున్న చెక్కుడు పనితనపు బల్లలు, కుర్చీలు. ఆ గ్రామం ఇప్పుడు రుమేనియాలో ఉంది.

1904లో ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చిన ఒక పనిమనిషి పాడుకుంటున్న పాట ఆయన చెవిన పడింది. అంతవరకు నగరాల్లో జిప్సీ బృందాలు వాయించే సంగీతాన్నే హంగేరీ జానపదంగా స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ వంటివారు సైతం భావించారు. ఆ తరువాత బార్తోక్, మిత్రుడు జొల్తాన్ కొడాయ్ పాటను రికార్డు చేసే ఎడిసన్ ఫోనోగ్రాఫునూ అందుకు వాడే మైనపు సిలిండర్లనూ మోసుకుని పల్లెపల్లెకూ తిరిగి, రైతుల గొంతుల్లో అంతకన్నా ఎంతో పాతదైన పాటను కనుగొన్నారు. ఐదే స్వరాలతో నడిచే ఆ పాటల మెట్లు మన చెవికి శుద్ధ ధన్యాసి రాగ స్వరాలుగానే వినిపిస్తాయి. పాశ్చాత్య సంగీతాన్ని రెండు శతాబ్దాలకు పైగా ఏలిన మేజర్, మైనర్ అనే రెండు స్వరశ్రేణుల చట్రం నుంచి తనను విడిపించింది ఈ పాటలేనని బార్తోక్ స్వయంగా రాసుకున్నారు. ఆయన హంగేరీతో ఆగలేదు. రుమేనియన్ పాటలే మూడు వేలకు పైగా సేకరించారు. స్లోవాక్ పల్లెల్లో తిరిగారు. 1913లో అల్జీరియాలోని బిస్క్రాకు, 1936లో టర్కీకి వెళ్లారు.

ఆ సాయంత్రం, ఆయన 1907 నుంచి 1934 వరకు పియానో బోధించిన సంగీత విద్యాలయం లిస్ట్ అకాడమీలో ఆయన నృత్యమాలిక ‘డాన్స్ సూట్’ విన్నాను. బుడా, ఓబుడా, పెస్ట్ ఒకే నగరమై 50 ఏళ్లు నిండిన సందర్భంగా 1923లో రాయించిన కృతి ఇది. అంతకు మూడేళ్ల క్రితమే, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కుదిరిన ట్రియనాన్ ఒప్పందం హంగేరీ భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులను పొరుగు దేశాలకు పంచేసింది. రుమేనియన్ సంగీతం గురించి రాసినందుకు బార్తోక్ మీద దేశద్రోహ నిందలు పడ్డాయి. అటువంటి వేళ రాజధాని ఉత్సవానికే ఆయన అరబ్, హంగేరియన్, రుమేనియన్ ఛాయలను ఒకే వాద్యబృందంలో కలిపి వినిపించడం గొప్ప సాహసమని నేను నమ్ముతాను. ఇందులో ఏ పల్లెపాటా ఉన్నదున్నట్టుగా లేదు; మెట్లన్నీ ఆయన స్వయంగా కల్పించుకున్నవే. ఇరుకైన స్వరాల మధ్య బాసూన్లు అనే మంద్రస్వరపు ఊదే వాద్యాలు మొదలుపెట్టిన మెట్టులో ఉత్తర ఆఫ్రికా స్పష్టంగా వినిపించింది. నృత్యాలను కలుపుతూ మళ్లీమళ్లీ వచ్చే హంగేరియన్ పల్లవిని వయొలిన్లు ఎంతో మృదువుగా పలికించాయి. చివరి భాగంలో అంతకుముందు వేర్వేరుగా విన్న మెట్లు ఒకదాని వెంట ఒకటి తిరిగివచ్చి ఒకే వేగంలో సాగుతుంటే, వాటిలో ఏది ఎవరిదని విడదీసి వినాలన్న ఆలోచనే నాకు కలగలేదు.

తొలి ప్రదర్శనలో అంతగా రాణించని ఈ కృతి 1925లో ప్రాగ్‌లో ఘనవిజయం సాధించి యూరప్ అంతటా వ్యాపించింది. బార్తోక్ దీనికోసం ఒక స్లోవాక్ నృత్యాన్ని కూడా చిత్తుప్రతిలో రాసి, చివరకు తొలగించారు. కూర్పు బిగువు కోసం అది అవసరమే కావచ్చు గాని, ఆ పొరుగువారి గొంతు కూడా ఇందులో ఉండి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపించింది.